బాబీ అబ్రేయు హాల్ ఆఫ్ ఫేమ్‌కి తగినవాడా కాదా? ఫిల్లీ వాళ్ళు ముందు మాట్లాడండి

చెర్రీహిల్_రమణ

అందరికీ నమస్కారం. 2025 జనవరిలో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఓటింగ్ ఫలితాలు వచ్చినప్పట్నుంచి ఇది బుర్రలో తిరుగుతూనే ఉంది, ఇంట్లో మాట్లాడదామంటే మా ఆవిడ "ఎవరండీ ఆ అబ్రేయు, మీ కొత్త మేనేజరా" అని అడిగింది, అందుకని ఇక్కడికొచ్చి పడ్డా.

మన ఫిల్లీస్ (ఫిలడెల్ఫియా టీమ్) పాత రైట్ ఫీల్డర్ బాబీ అబ్రేయుకి వచ్చింది 19.5 శాతం. కావాల్సింది 75. అదే బ్యాలెట్లో ఇచిరోకి 394 ఓట్లలో 393 పడ్డాయి. ఇచిరోతో నాకు పేచీ లేదు, దండం పెడతా. కానీ మన వాడి లెక్క కూడా ఒకసారి చూడండి: 2425 మ్యాచ్‌లు, 2470 హిట్స్, 288 హోమ్ రన్స్ (క్రికెట్లో సిక్సర్ లాంటివి), సరిగ్గా 400 స్టోలెన్ బేసెస్ (పిచర్ కళ్ళుగప్పి తర్వాతి బేస్‌కి పరిగెత్తటం), 1476 వాక్స్, ఆన్ బేస్ (బ్యాట్ పట్టినప్పుడు బేస్ చేరిన వంతు) 0.395. 1998 నుంచి 2010 దాకా 13 ఏళ్ళు, ఏ ఒక్క ఏడూ 150 మ్యాచ్‌లకి తగ్గలేదు. 1999 నుంచి 2006 వరకు ప్రతి ఏడూ 100 లేదా ఆపైన వాక్స్. 2003 నుంచి 2009 వరకు ప్రతి ఏడూ 100 ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్ వల్ల టీమ్‌కి వచ్చిన పరుగులు) లేదా ఆపైన. మనలో ఎవరమైనా 13 ఏళ్ళు సిక్ లీవ్ పెట్టకుండా ఆఫీసుకెళ్ళామా చెప్పండి.

ఇంత నిలకడగా ఆడినోడు ఎంవీపీ (ఆ ఏడు లీగ్‌లో బెస్ట్ ఆటగాడు) ఓటింగ్‌లో ఎప్పుడూ టాప్ 10లోకి రాలేదు, ఆల్ స్టార్‌కి రెండుసార్లే వెళ్ళాడు (2004, 2005). మంచోడే గానీ గొప్పోడు కాదు అంటారు. నాకు ఆ మాటే మింగుడు పడటం లేదు.

కరీంనగర్ పోరడు

రమణన్నా, నువ్వు చెప్పిన లెక్కలన్నీ కరెక్టే గని ఆఖర్ల నువ్వే జవాబు చెప్పినవ్ గదా. 18 సీజన్లు ఆడిండు, ఎంవీపీల బెస్ట్ 12వ ప్లేస్, అది గూడ 2009ల, ఏంజెల్స్ టీమ్‌కి పోయినంక. అంటే ఆయన ఆడిన ఏ సంవత్సరంల గూడ లీగ్ల పది మంది ఆయనకన్న మంచిగ ఆడిన్రనే అనుకున్నరు జనం. హాల్ ఆఫ్ ఫేమ్ అంటే ఫేమ్ ఉండాలె. హాల్ ఆఫ్ అటెండెన్స్ కాదు గదా.

స్టాట్స్ శీను

"అనుకున్నరు" అన్నావు చూడు పోరడా, కీలకం అంతా అక్కడే ఉంది. 2004లో ఓటేసేవాళ్ళు ఏం చూసేవాళ్ళు? బ్యాటింగ్ యావరేజ్, హోమ్ రన్స్, ఆర్‌బీఐ. వాక్‌ని అప్పట్లో చాలామంది రైటర్లు లెక్కలోకే తీసుకునేవాళ్ళు కాదు, పిచర్ చేసిన తప్పే గానీ బ్యాటర్ గొప్పేముంది అన్నట్టు ఉండేది.

ఒక పోలిక చెప్తా, వినగానే నేనూ నమ్మలేదు, కూర్చుని లెక్కేసుకున్నా. టోనీ గ్విన్. 3141 హిట్స్, 2007లో 97.6 శాతంతో మొదటిసారికే లోపలికి వెళ్ళాడు. ఆడింది 2440 మ్యాచ్‌లు. హిట్స్, వాక్స్, ఒంటికి తగిలిన బంతులు అన్నీ కలిపితే గ్విన్ బేస్ మీదికి చేరింది 3955 సార్లు. అబ్రేయు 15 మ్యాచ్‌లు తక్కువ ఆడి 3979 సార్లు. దానిమీద 288 హోమ్ రన్స్ (గ్విన్‌కి 135), 400 స్టీల్స్ (గ్విన్‌కి 319).

గ్విన్ కంటే గొప్ప బ్యాటర్ అనటం లేదు నేను, ఎనిమిది బ్యాటింగ్ టైటిల్స్ ఊరికే రావు. ఒకడికి 97.6, ఇంకొకడికి 19.5 పడేంత తేడా వాళ్ళిద్దరి మధ్య నాకైతే కనపడట్లేదు.

కొత్తగా_వచ్చా

అన్నా సారీ, నేను ఆగస్టులోనే ఎమ్మెస్‌కి వచ్చా, బేస్‌బాల్ ఇప్పుడిప్పుడే చూస్తున్నా. వాక్ అంటే పరిగెత్తకుండా నడిచి వెళ్ళటమేనా?? దానికి ఇంత గొడవ ఎందుకు

స్టాట్స్ శీను

తమ్ముడూ సారీ ఎందుకు, అందరం అక్కణ్నుంచే మొదలెట్టాం. పిచర్ వేసిన బంతి స్ట్రైక్ జోన్ (బ్యాటర్ ముందు ప్లేట్ పైన ఊహించుకునే గడి) బయట పోయి, నువ్వు బ్యాట్ ఊపకుండా వదిలేస్తే అది "బాల్". అలాంటివి నాలుగు అయితే ఫస్ట్ బేస్‌కి ఫ్రీగా వెళ్తావు. క్రికెట్లో ఆఫ్ స్టంప్ బయట బంతిని వదిలేసేవాణ్ని చూసే ఉంటావు కదా, వదిలినందుకు అక్కడ ఏమీ రాదు, ఇక్కడ బేస్ వస్తుంది అనుకో. ఎదురుగా గంటకు 95 మైళ్ళ బంతి, అరసెకను కూడా ఉండదు, ఆ లోపల ఊపాలా వద్దా తేల్చుకోవాలి. ఎనిమిదేళ్ళు వరసగా ఏడాదికి కనీసం వందసార్లు అలా గెలిచాడు అబ్రేయు.

అరిజోనా పంతులు

నేను 2002 నుంచి 2006 దాకా ఫిలడెల్ఫియాలోనే ఉన్నాను, అప్పుడు చేతిలో డబ్బుల్లేవు గానీ టైము బోలెడు, పాత వెట్రన్స్ స్టేడియంలో పై వరసల్లో కూర్చుని చూసిన మ్యాచ్‌లు బోలెడు, తర్వాత 2004లో కొత్త పార్కు తెరిస్తే అక్కడా చూశాను. కాబట్టి కళ్ళారా చూసినవాడిగా చెప్తున్నా. అబ్రేయు గోడ దగ్గరికి వెళ్ళేవాడు కాదు. బంతి రైట్ ఫీల్డ్ గోడ వైపు వెళ్తోందంటే మనవాడు నాలుగడుగుల ముందే బ్రేకులేసి అది గోడకి కొట్టుకుని వెనక్కి వచ్చేదాకా ఆగేవాడు. మా వెనక వరసలో ఒక పెద్దాయన, ముసలి ఐరిష్ ఆయన, "దానికి కరెంటు లేదురా బాబూ ముట్టుకో" అని అరిచేవాడు. అలాంటివాడికి 2005లో గోల్డ్ గ్లోవ్ (బెస్ట్ ఫీల్డర్ అవార్డు) ఇచ్చారు, అది చూసి మా ఆఫీసులో నవ్వినవాళ్ళే అందరూ.

ఇంకో మాట. నేను చూసిన అన్ని మ్యాచ్‌ల్లో అబ్రేయు ఫలానా రోజు ఇలా గెలిపించాడు అని ఒక్కటి చెప్పమంటే నా వల్ల కాదు. 2004లో నా పుట్టినరోజుకి వెళ్ళిన మ్యాచ్ ఉంది, జిమ్ థోమ్ కొట్టిన హోమ్ రన్ ఇప్పటికీ కళ్ళముందే ఉంది, చప్పుడు తేడాగా వచ్చింది, కట్టెలు కొట్టినట్టు. అబ్రేయు ఆ రోజు ఆడాడా లేదా అంటే గుర్తులేదు. థోమ్ హాల్లో ఉన్నాడు, 2018లో. న్యాయమేగా?

ఎడిసన్ లక్ష్మి

పంతులు గారూ, థోమ్‌వి 612 హోమ్ రన్స్ అండీ, ఆయనతో పోలిస్తే సగం హాల్ ఖాళీ చేయాలి.

నేను యాంకీస్ ఫ్యాన్‌ని (తిట్టుకోండి పర్లేదు). 2006 జులై ఆఖర్లో ఫిల్లీస్ వాళ్ళు అబ్రేయుని మాకు ఇచ్చేశారు, కోరీ లైడిల్‌తో కలిపి. వాళ్ళు పంపిన దానికి మేమిచ్చింది ఏమీ లేదు దాదాపు, జీతం వదిలించుకోవడానికే పంపారు. వచ్చిన రోజు నుంచి మా లైనప్ మారింది. అతను ప్లేట్ దగ్గరికొస్తే మా నాన్న లేచి టీ పెట్టుకుని వచ్చేవారు, "వీడు ఇప్పట్లో తేల్చడులే" అని. నిజంగానే ఆయన టీ కప్పుతో వచ్చేసరికి మూడు బాల్స్ రెండు స్ట్రైక్స్ మీద ఇంకో ఫౌల్ కొట్టి నిలబడి ఉండేవాడు. అవతల పిచర్ మొహం చూడాలి. ఆరో ఇన్నింగ్స్‌కి వాళ్ళు బుల్‌పెన్‌కి (బదులు పిచర్ల దగ్గరికి) వెళ్ళిపోయారంటే అందులో సగం పుణ్యం ఇతనిదే, కానీ పేపర్లో మర్నాడు ఆ ఆరో ఇన్నింగ్స్‌లో కొట్టిన వాడి ఫోటో వేస్తారు.

అతని జాతకం చూడండి. ఫిల్లీస్ నుంచి 2006లో పంపేశారు, 2008లో ఫిల్లీస్ వరల్డ్ సిరీస్ గెలిచింది. 2008 తర్వాత యాంకీస్ వదిలేశారు, 2009లో యాంకీస్ గెలిచారు. ఆ ఏడు అతను ఏంజెల్స్‌లో ఉన్నాడు, ఏంజెల్స్‌ని సెమీస్ లాంటి దాంట్లో ఓడించింది ఎవరు? మేమే. పాపం.

కరీంనగర్ పోరడు

లక్ష్మక్కా, నువ్వు సపోర్ట్ చేస్తున్నవా లేకుంటే నా పాయింట్‌కే బలం ఇస్తున్నవా 😂 ఆయన పోంగనే గెలుస్తున్నయ్ టీమ్‌లు.

ఎడిసన్ లక్ష్మి

అది మరీ అన్యాయం తమ్ముడూ. 1998 నుంచి 2006 మధ్యలో ఫిల్లీస్ ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్‌కి వెళ్ళలేదు, నిజమే. పిచింగ్ లేకపోతే రైట్ ఫీల్డర్ ఏం చేస్తాడు? పొలంలో నీళ్ళు లేకపోతే ఎద్దుని కొడతామా.

మిడ్‌వెస్ట్_మురళి

నా ఉద్దేశంలో ఈ గొడవలో రెండు రకాల మనుషులుంటారు. శిఖరం చూసేవాళ్ళు, దారి చూసేవాళ్ళు. పిచర్ శాండీ కూఫాక్స్ ఆడింది 12 సీజన్లు, గెలిచింది 165, కానీ చివరి నాలుగైదేళ్ళు అతన్ని తాకినవాడు లేడు, అతను హాల్లో లేకపోతే హాలే లేదు. రెండో వైపు ఇంకో పిచర్ డాన్ సటన్. 324 విజయాలు, 20 గెలిచిన సీజన్ మాత్రం ఒక్కటంటే ఒక్కటి, 1976. ఏడాదికి 14, 15 అలా చిల్లర పోగేసినట్టు పోగేశాడు. అతన్ని నాలుగుసార్లు ఆపి ఐదోసారి, 1998లో లోపలికి పంపారు. అంటే నిలకడకి తలుపు తెరుచుకుంటుంది, కాకపోతే 300 గెలుపులు లాంటి గుండ్రని నెంబర్ కావాలి. అబ్రేయు దగ్గర అది లేదు. 3000 హిట్స్ లేవు, 500 హోమ్ రన్స్ లేవు. 400 స్టీల్స్ ఉంది గానీ దాన్నెవరు పట్టించుకుంటారు.

చెర్రీహిల్_రమణ

మురళి గారు బాగా చెప్పారు. కానీ నా కంప్లయింట్ అదే! 300 బదులు అన్ని గదుల్లోనూ కొంచెం కొంచెం సామాను ఉన్నవాడు వీడు. కొట్టటం, పరిగెత్తటం, ఓపిక పట్టటం. 30 హోమ్ రన్స్, 30 స్టీల్స్ ఒకే ఏడు చేయటం రెండుసార్లు, 2001, 2004. 20-20 తొమ్మిది సీజన్లు. ఇవన్నీ చాప కింద నీరు లాగా జరిగాయి, ఫిల్లీలో మేం కళ్ళముందు పెట్టుకుని కూడా చూడలేదు. మాట్లాడితే బూ అనటమే. ఇక్కడ జనానికి డైవ్ కొట్టి మోకాళ్ళు చీరుకునేవాడు కావాలి, ఛేజ్ అట్లీ లాగా. వీడు నవ్వుతూ ఆడేవాడు, అదే వీడి నేరం.

స్టాట్స్ శీను

అట్లీ ప్రస్తావన వచ్చింది కాబట్టి. అట్లీవి 1885 హిట్స్, 2025లో 39.8 శాతం వచ్చింది, మెల్లగా పైకెళ్తున్నాడు. అబ్రేయు కంటే 585 హిట్స్ తక్కువ. కానీ సెకండ్ బేస్, డిఫెన్స్, ఐదేళ్ళ బలమైన శిఖరం, వరల్డ్ సిరీస్ ఉంగరం. నేనైతే ఇద్దరికీ వేస్తా.

నిజాయితీగా అబ్రేయుకి వ్యతిరేకంగా వెళ్ళే లెక్క కూడా పెడతా, లేకపోతే పంతులు గారు పట్టుకుంటారు. వార్ అని ఒకటుంది (కొత్త తమ్ముడి కోసం: కింది లీగ్‌ల నుంచి ఎవడో ఒకణ్ని తెచ్చి ఆ చోట నిలబెడితే వచ్చే దానికన్నా ఇతని వల్ల ఎన్ని గెలుపులు ఎక్కువొచ్చాయి అనే అంచనా). అబ్రేయు, వ్లాదిమిర్ గెరేరో, ఇచిరో ముగ్గురూ బేస్‌బాల్ రిఫరెన్స్ సైట్‌లో 60 చుట్టుపక్కలే ఉంటారు. వ్లాద్ 2018లో 92.9 శాతంతో వెళ్ళాడు. కానీ ఇప్పటికే హాల్లో ఉన్న రైట్ ఫీల్డర్ల సగటు 70 దాటుతుంది, ఎందుకంటే అందులో బేబ్ రూత్, హ్యాంక్ ఆరన్ ఉన్నారు. జే జాఫీ అనే ఆయన జాస్ అని ఒక కొలత పెట్టాడు, కెరీర్ మొత్తాన్ని, బెస్ట్ ఏడు సీజన్లని కలిపి సగం చేస్తాడు. అందులో అబ్రేయు సగటుకి కిందే. కానీ కాస్త తమాషా ఏంటంటే అతని ఏడేళ్ళ శిఖరం హాల్ సగటుకి దాదాపు సమానం, వెనకబడింది కెరీర్ మొత్తంలో! "శిఖరం లేదు, ఊరికే ఏళ్ళు లాగాడు" అనే మాట తిరగబడిపోయింది. 2009 తర్వాత బాగా పడిపోయాడు, డిఫెన్స్ పాయింట్లు చివర్లో తినేశాయి. పంతులు గారు చెప్పిన గోడ అదే.

ఎడిసన్ లక్ష్మి

ఇచిరోని అలా పక్కన పెట్టకండి శీనూ. 27 ఏళ్ళు వచ్చాక అమెరికా వచ్చాడు, అంతకుముందు జపాన్లో తొమ్మిది సీజన్లు. 2004లో 262 హిట్స్, ఇప్పటికీ ఎవడూ దాటలేదు. వార్ ఒకటే చూస్తే ఇద్దరూ ఒకటే అనిపిస్తారు, చూసినవాడికి తెలుసు.

స్టాట్స్ శీను

ఒప్పుకున్నా మేడమ్. ఆ పోలిక వెనక్కి తీసుకుంటున్నా. వ్లాద్ పోలిక మాత్రం వెనక్కి తీసుకోను.

అరిజోనా పంతులు

మీరు ఎన్ని చెప్పినా నా భయం వేరే ఉంది. హెరాల్డ్ బెయిన్స్. 22 ఏళ్ళు ఆడాడు, 2866 హిట్స్, మంచి మనిషి, నిలకడకి మారుపేరు. రైటర్లు ఒక్కసారి కూడా పట్టుమని పది శాతం ఇవ్వలేదు. 2018 డిసెంబర్లో, రైటర్లు వదిలేసినవాళ్ళని చూసే 16 మంది కమిటీ కూర్చుని 12 ఓట్లతో ఇచ్చేసింది. ఆ కమిటీలో అతని పాత మేనేజర్ టోనీ లా రుస్సా, అతని టీమ్ ఓనర్ జెర్రీ రైన్స్‌డార్ఫ్. మన ఊళ్ళో గుడి కమిటీ ఎన్నిక గుర్తొచ్చింది నాకు. అప్పట్నుంచి "బెయిన్స్ ఉంటే ఫలానా ఎందుకుండకూడదు" అని మొదలైంది. ఇవాళ అబ్రేయు, రేపు ఇంకొకడు, ఎల్లుండి టికెట్ కొన్న వాళ్ళందరూ.

మిడ్‌వెస్ట్_మురళి

పంతులు గారూ, బెయిన్స్ వార్ 38.7. అబ్రేయు అతనికి ఒకటిన్నర రెట్లు. ఒక తప్పు చేశారని దాన్ని కొలతగా పెట్టుకోవద్దు, సరే, కానీ ఆ తప్పు జరిగిందని పక్కన నిలబడ్డవాణ్ని శిక్షించటం ఏంటి? కెనీ లాఫ్టన్‌ని చూడండి, 68 వార్, 2013లో 3.2 శాతంతో మొదటి ఏడే బ్యాలెట్ మీదనుంచి ఎగిరిపోయాడు. లూ విటేకర్ 2001లో 2.9. 5 శాతం రాకపోతే అంతే, మళ్ళీ పేరే ఉండదు. అబ్రేయుకి 2020లో మొదటిసారి 22 ఓట్లు వచ్చాయి. ఇరవై కావాలి. ఇంకో ముగ్గురు రైటర్లు ఆ రోజు వేరేలా ఆలోచించి ఉంటే ఈ థ్రెడ్డే ఉండేది కాదు.

కొత్తగా_వచ్చా

ఓటు ఎవరేస్తారు అన్నా? మనం వేయొచ్చా

మిడ్‌వెస్ట్_మురళి

లేదమ్మా 😀 పదేళ్ళు బేస్‌బాల్ రైటర్ల సంఘంలో ఉన్నవాళ్ళే. ఒక్కొక్కరు పది పేర్లకి మించి రాయకూడదు. ఆటగాడు పది సీజన్లు ఆడి ఉండాలి, రిటైరై ఐదేళ్ళు కావాలి, బ్యాలెట్ మీద ఎక్కువలో ఎక్కువ పదేళ్ళు. అబ్రేయు చివరి అవకాశం 2029. ఆ తర్వాత పంతులు గారి గుడి కమిటీయే.

కరీంనగర్ పోరడు

సరే నేను ఒకటి అడుగుతా, దీనికి జవాబు చెప్పుండ్రి. ద్రావిడ్‌ను గోడ అన్నరు, రోజంత నిలబడి ఆడెటోడు, టెస్టుల అందరికన్న ఎక్కువ బంతులు ఆడింది ఆయనే, 31 వేల పైన. నిలకడనే. గని ద్రావిడ్ పేరు చెప్పంగనే అడిలైడ్ 2003 యాదికొస్తది, 233, రెండో ఇన్నింగ్స్‌ల 72 నాటౌట్. మన లక్ష్మణ్ పేరు చెప్తే ఈడెన్ 281. అబ్రేయు పేరు చెప్పంగనే ఏం యాదికొస్తది? చెప్పుండ్రి ఒక్కటి.

చెర్రీహిల్_రమణ

2005 హోమ్ రన్ డెర్బీ (హోమ్ రన్లు కొట్టే పోటీ), డెట్రాయిట్. మొదటి రౌండ్లో 24, మొత్తం 41. అప్పట్లో రెండూ రికార్డే.

కరీంనగర్ పోరడు

అన్నా అది ఎగ్జిబిషన్. నెట్స్ ప్రాక్టీస్. పైగా దాని తర్వాత ఆ ఏడు మొత్తం ఆరు హోమ్ రన్లే కొట్టిండు, ముందు సగంల 18 కొట్టినోడు. నువ్వు చెప్పిన ఒక్కటే యాది గూడ ఆయనకు శాపంలెక్క అయింది.

చెర్రీహిల్_రమణ

ఫిల్లీస్ కొత్త పార్కు సిటిజెన్స్ బ్యాంక్ పార్క్‌లో మొట్టమొదటి హోమ్ రన్ ఎవరిది? 2004 ఏప్రిల్ 12. అబ్రేయుదే.

కరీంనగర్ పోరడు

అది క్విజ్‌ల అడిగే ప్రశ్న అన్నా 🙏

మోడరేటర్

ద్రావిడ్ మీద క్రికెట్ విభాగంలో ఇప్పటికే నాలుగు థ్రెడ్లు నడుస్తున్నాయి, దయచేసి ఇటు లాగొద్దు. ఒకరు ప్రైవేటుగా అడిగారు, అవును, ఫిల్లీస్ తెలుగు గ్రూప్ టికెట్ల గురించి వేరే పోస్ట్ పెడతాం, పులిహోర లోపలికి తీసుకెళ్ళొచ్చా అనేది పార్క్ రూల్స్ చూసుకోండి.

ఎడిసన్ లక్ష్మి

పోరడి ప్రశ్నకి నా దగ్గర కూడా జవాబు లేదు, ఒప్పుకుంటున్నా. కానీ అది అబ్రేయు లోపమా, మన గుర్తుపెట్టుకునే పద్ధతి లోపమా? మా అమ్మ ముప్ఫై ఏళ్ళు రోజూ పొద్దున్నే ఇడ్లీ పెట్టింది, ఫలానా రోజు ఇడ్లీ అద్భుతం అని చెప్పమంటే నేను చెప్పలేను.

ఒకటి మాత్రం ఆలోచించండి. వెనెజులా నుంచి హాల్లో ఇప్పటిదాకా ఒక్కడే ఉన్నాడు, లూయిస్ అపారిసియో, 1984లో. 2029లో మిగెల్ కాబ్రెరా బ్యాలెట్ మీదికి వస్తాడు, అబ్రేయు ఆఖరి ఏడు అదే.

స్టాట్స్ శీను

శాతాల గురించి ఆశ వదులుకోవద్దు. బిల్లీ వాగ్నర్ 2016లో 10.5తో మొదలుపెట్టి 2025లో పదో అవకాశంలో 82.5తో వెళ్ళాడు. స్కాట్ రోలెన్ 2018లో 10.2, 2023లో 76.3. లారీ వాకర్ పదో ఏట 2020లో 76.6. అయితే అబ్రేయు ఆరో ఏట 19.5 అంటే వాగ్నర్, రోలెన్‌ల కన్నా బాగా వెనక. నా అంచనా, 2029కి సగం దాకా వస్తాడేమో. కాదు, అదీ ఎక్కువే చెప్పాను.

మిడ్‌వెస్ట్_మురళి

ఫిల్లీస్ 2019లో తమ వాల్ ఆఫ్ ఫేమ్‌లో పెట్టుకున్నారు కదా. వదిలేసిన ఊరు పదమూడేళ్ళకి పిలిచి శాలువా కప్పింది. ఇంకేం కావాలి అంటారు కొందరు. నాకైతే సరిపోదు, కూపర్స్‌టౌన్ (హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్న ఊరు) వేరు. నేను ఓటరునైతే పదో పేరుగా రాస్తా, మొదటి పేరుగా కాదు.

కరీంనగర్ పోరడు

నేను రాయ. గని 5 శాతం కింద పోతే మాత్రం బాధపడేటోణ్ని, అది నిజం.

అరిజోనా పంతులు

ఆలస్యమైంది, క్షమించాలి. నిన్న గరాజ్‌లో పాత పెట్టెలు దింపాను, ఈ థ్రెడ్ పుణ్యమా అని. నాకు స్కోర్‌కార్డు పెన్సిల్‌తో రాసుకునే అలవాటుండేది, 2004లో నా పుట్టినరోజు మ్యాచ్‌ది దొరికింది, ఒక మూల ఆవాల మరక, హాట్‌డాగ్ తిన్నట్టున్నాను. థోమ్ గడిలో హోమ్ రన్ ఉంది, చుట్టూ రెండుసార్లు గుండ్రంగా గీశాను, సంతోషం పట్టలేక అనుకుంటా. దాని పైన వరసలో అబ్రేయు. వాక్, వాక్, సింగిల్, పక్కన చిన్న అక్షరాల్లో స్టీల్, మళ్ళీ వాక్. థోమ్ కొట్టినప్పుడు ముందు బేస్ మీద ఉన్నది అతనే, కాబట్టి ఆ హోమ్ రన్‌కి రెండు పరుగులు.

నా రాతే. నాకు ఒక్క ముక్క గుర్తులేదు.